నలభై ఒకటో పన్ను

ఆ ఇంట్లో తండ్రి పళ్ళు పెడతాడు, తల్లి పళ్ళు పీకిస్తుంది, కూతురేమో వారం రోజులుగా పళ్ళు నూరుతోంది. ఈ మాట మామయ్యది. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు గనక వీధి వీధంతా ఇదే మాట చెప్పుకుని నవ్వుకుంది.

మాటలో అబద్ధమేమీ లేదు. తండ్రికి వీధి చివర రేకుల షెడ్డులో వర్క్‌షాపు ఉంది. పాత మిషన్లలో అరిగిపోయిన గేరు చక్రాలకు బదులు కొత్తవి చేసి ఇస్తాడు. గుండ్రటి ఇనుప దిమ్మ చుట్టూ ఒక్కో పన్నూ కోసుకుంటూ పోవడమే ఆ పని. తల్లి పళ్ళ డాక్టరు దగ్గర అసిస్టెంటు. డాక్టరు నోరు తెరవకముందే ఆయనకు ఏ పరికరం కావాలో ఆవిడకు తెలిసిపోతుంది. మామయ్య, అంటే ఆవిడ తమ్ముడు, బావగారి షెడ్డులోనే మిల్లింగ్ మిషన్ నడుపుతాడు. ఇక కూతురు డిగ్రీ రెండో ఏడు, లెక్కల గ్రూపు. ఆమె పళ్ళు నూరడానికి కారణం కాలేజీ వాళ్ళిచ్చిన ఒక పచ్చ ఫారం.

వచ్చే టర్ములో ఒక ఎలక్టివ్ పేపరు ఎంచుకోవాలి. ఉన్నవి రెండే. ఒకటి ‘సంఖ్యా సిద్ధాంతం: తొలి పాఠాలు’. రెండోది ‘ఆఫీసు సాఫ్ట్‌వేర్’. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల్లోపు ఏదో ఒక గడిలో టిక్కు పెట్టి ఇవ్వాలి. ఇవ్వనివాళ్ళను కాలేజీ వాళ్ళే రెండో దాంట్లో పడేస్తారు. గోడ మీద పిల్లికి గడువు పెట్టినట్టయింది.

మొదటి గడి అంటే ఆమెకు ప్రాణం. ఆ గడిని చూస్తే భయం కూడా. రెండూ నిజమే, గొడవంతా అక్కడే.

చిన్నప్పటినుంచీ ఇంటిల్లిపాదీ ఆమెను ‘ఎక్కాలమ్మ’ అంటారు. నాలుగేళ్ళకు పదమూడో ఎక్కం వచ్చేసింది, ఆరేళ్ళకు ఇరవై తొమ్మిదోది. చుట్టాలొస్తే పిల్లల చేత పాట పాడించే ఇళ్ళు ఉంటాయి. ఈ ఇంట్లో ముప్ఫై ఏడో ఎక్కం చెప్పించేవారు. వచ్చినవాళ్ళు నోరెళ్ళబెట్టేవారు, ఆమె బిస్కెట్టు అందుకునేది. అలా బిస్కెట్ల మీద పెరిగిన పిల్లకు తనకు లెక్కలు బ్రహ్మాండంగా వచ్చని నమ్మకం కుదిరిందంటే తప్పు ఆ పిల్లది కాదు, చుట్టాలది.

పోయిన వారం ఆ నమ్మకానికి గండి పడింది. సంఖ్యా సిద్ధాంతం చెప్పే మేడం, పేపరు ఎలా ఉంటుందో చూపించడానికి ఒక గంట క్లాసు పెట్టారు. ఎక్కాలమ్మ ముందు బెంచీలోనే కూర్చుంది. మేడం బోర్డు మీద ఒక్క వాక్యం రాశారు: వరసగా ఉన్న ఏ మూడు సంఖ్యల్ని గుణించినా, వచ్చింది ఆరుతో శేషం లేకుండా పోతుంది. తర్వాత సుద్ద కింద పెట్టి, “ఎందుకు?” అన్నారు.

ఎక్కాలమ్మ స్ప్రింగులా లేచింది. “నాలుగు, ఐదు, ఆరు. నూట ఇరవై, పోతుంది మేడం. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది. ఐదువేల ఎనిమిది వందల పద్నాలుగు, పోతుంది. ఇరవై మూడు, ఇరవై నాలుగు...”

“అబ్బ, ఎంత వేగం!” అన్నారు మేడం, నిజంగానే ముచ్చటపడి. “ఇంకా ఎన్ని మిగిలాయమ్మా?”

క్లాసు గొల్లుమంది. మేడం ఉద్దేశం వెక్కిరింత కాదు గాని, నవ్వు నవ్వే. అప్పుడు వెనక బెంచీ అమ్మాయి ఒకతె చెయ్యెత్తింది. ఏడెనిమిదులు వేళ్ళ మీద లెక్కపెట్టుకునే అమ్మాయి. “వరసగా మూడు ఉన్నాయంటే వాటిలో ఒకటి మూడో ఎక్కంలోది అయి తీరాలి కదా మేడం. రెండో ఎక్కంలోది కూడా కనీసం ఒకటుంటుంది. ఇంకేముంది, ఆరు వచ్చేసినట్టే,” అని కూర్చుంది. అంతే. అన్ని సంఖ్యలూ ఒక్క దెబ్బకు అయిపోయాయి.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని సామెత. తల తన్నించుకోవడమే అయితే ఎక్కాలమ్మ ఓర్చుకునేది. ఆ అమ్మాయి అసలు తాడిచెట్టు జోలికే పోలేదు, ఒక్క గుణకారం కూడా చెయ్యలేదు. ఎక్కాలమ్మ క్లాసు మధ్యలోనే సంచి సర్దుకుని బయటపడింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. నాకు ఎక్కాలు తప్ప ఏమీ రావు. ఇన్నాళ్ళూ వాటినే లెక్కలనుకున్నాను. జడ వేసుకున్న కాలిక్యులేటర్‌ని నేను.

ఇంట్లో తల్లి సలహా సిద్ధంగా ఉంది. “రెండోది తీసుకోవే. ఎక్కడికెళ్ళినా పనికొస్తుంది. అంకెల గురించి అంకెలు చదివి ఏం చేస్తావు? ఎవరికి కావాలది?”

తండ్రి సలహా కూడా ఎప్పటిదే. “నీ ఇష్టం తల్లీ.” బడిలో చేర్చిన రోజునుంచి ఆమె చదువు గురించి ఆయన అన్న మాట ఇదొక్కటే. ఆయన ఎనిమిదో తరగతితో ఆపేసినవాడు. చదువు సంగతి చదివినవాళ్ళకే తెలుసునని ఆయన నమ్మకం.

బుధవారం మధ్యాహ్నం ఆమె కాలేజీ నుంచి తిన్నగా షెడ్డుకు వచ్చింది. షెడ్డులో ఆమెకో పని ఉంది. తండ్రి చేతిరాత తండ్రికే అర్థం కాదు. ఆయన చీటీల మీద గీకిన కొలతల్ని ఆమె అందంగా జాబ్ కార్డుల మీద ఎక్కిస్తుంది. మామయ్య ఆ కార్డు చూసే చక్రం కోస్తాడు. “కార్డు మీద ఏనుగని ఉంటే ఏనుగునే కోస్తా, నాకెందుకు,” అనేది ఆయన సిద్ధాంతం.

ఆమె ఇంకా చెప్పులు కూడా విప్పలేదు, బేకరీ ఆవిడ వచ్చింది. వెనకాలే తోపుడు బండి మీద పిండి సంచిలో చుట్టిన ఇనుప చక్రం.

“మేస్త్రిగారూ, మూడు వారాలు కాలేదు మీరు వేసిచ్చి. పిండి కలుపుతుంటే టక్కు. మళ్ళీ తిరిగి టక్కు. నిన్నటినుంచి మా పనివాళ్ళు ఆ టక్కుకు తాళం వేసుకుంటూ పాడుతున్నారు. నాకు పాటలొద్దు, రొట్టెలు కావాలి.”

తండ్రి సంచి విప్పి, చక్రాన్ని బల్ల మీద పెట్టి చూశాడు. రెండంటే రెండు పళ్ళు తళతళా అరిగిపోయి ఉన్నాయి, ఒకదానికొకటి సరిగ్గా ఎదురెదురుగా. మిగతావన్నీ నిన్ననే కోసినట్టున్నాయి. ఆయన వేలు పెట్టి పళ్ళు లెక్కపెట్టాడు. ఆగాడు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

“నలభై ఉన్నాయేంటి? నేను రాసింది నలభై ఒకటి కదరా.”

మామయ్య గోడకు గుచ్చిన పాత కార్డుల్లోంచి ఒకటి పీకి తెచ్చాడు. “నలభై. ఇదిగో, ముత్యాల్లాంటి అక్షరాలు. తిలాపాపం తలా పిడికెడు అనకు బావా, ఈసారి నా పిడికిట్లో ఏం లేదు.”

ఎక్కాలమ్మ కార్డు వంక చూసింది, రాత తనదే. ఆ చీటీ ఆమెకు బాగా గుర్తుంది. ‘చిన్నది 20, పెద్దది 41’ అని ఉంది. ఆ నలభై ఒకటి ఆమెకు కంట్లో నలుసైంది. చిన్నది రెండు చుట్లు తిరిగితే పెద్దది ఒక చుట్టు తిరగాలి, ఇరవై రెళ్ళు నలభై, చంటిపిల్లకు కూడా తెలుస్తుంది. పాపం, నాన్న హడావిడిలో ఒకటి ఎక్కువ గీకేశాడు అనుకుని, జాలిపడి మరీ దిద్దింది. లెక్కలు రానివాళ్ళెవరూ ఆ తప్పు చెయ్యరు, ఉన్నదున్నట్టు రాసేస్తారు. తండ్రి ఆ రెండ్రోజులూ పొరుగూళ్ళో పని మీదున్నాడు. మామయ్యేమో నలభై అని చూడగానే సంబరపడ్డాడు. నలభై పళ్ళంటే ఒక్కో పంటికీ దిమ్మను తిప్పే హ్యాండిల్ ఒక నిండు చుట్టు తిప్పితే చాలు. నలభై ఒకటంటే నలభై ఒక్క చిల్లుల బిళ్ళ బిగించి, ప్రతి పంటికీ ఒక చిల్లు ముందే ఆగాలి. బేకరీలో మోటారును బోల్టుల మీద కాస్త ముందుకు జరిపితే చక్రాలు కలిసిపోయాయి గనక ఎవరికీ అనుమానం రాలేదు.

అడుసు తొక్కినవాళ్ళే కాలు కడుక్కోవాలి. “నేనే మార్చాను నాన్నా,” అంది. “నువ్వు పొరపాటున రాశావనుకున్నా.”

తండ్రి ఆమె వంక చూశాడు. తిట్లు పడతాయని ఆమె తల వంచుకుంది. తిట్లు రాలేదు, నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాడాయన.

“ముప్ఫై ఏళ్ళనుంచి ఒక పన్ను ఎక్కువేస్తున్నాను. ఇదేంటని ఒక్కళ్ళూ అడగలేదు. నువ్వు చూశావు, అడక్కుండా పీకేశావు. మీ అమ్మ కూతురివే!”

“నవ్వులు తర్వాత మేస్త్రిగారూ,” అంది బేకరీ ఆవిడ. రేపు మధ్యాహ్నానికి కొత్త చక్రం బిగిస్తానని తండ్రి మాటిచ్చాక గాని ఆవిడ కదల్లేదు.

ఆవిడ వెళ్ళాక ఆయన కూతుర్ని బల్ల దగ్గరకు పిలిచాడు. చిన్న చక్రం కూడా సంచిలోనే ఉంది. దాన్ని పెద్దదాని పక్కన కలిపి పెట్టి, ఒక పంటిని వేలితో తడిమి చూపించాడు. “దీనికి చిన్న గాటుంది చూడు. ఏ చక్రంలోనైనా ఇలాంటిదొకటి ఉంటుంది, తప్పదు. ఇరవైకి నలభై వేస్తే ఈ గాటు పన్ను ఎప్పుడూ ఆ రెండింటినే కొరుకుతుంది. మిగతా ముప్ఫై ఎనిమిదీ హాయిగా కూర్చుంటాయి. అదే నలభై ఒకటైతే అందరి మీదా తలా కాస్త పడుతుంది. ఎవరికీ నొప్పి తెలీదు.”

“మరి ఏ జోడీ మంచిదో నీకెలా తెలుస్తుంది?”

ఆయన డ్రాయరు లాగి, నూనె మరకలతో అట్ట నల్లబడ్డ ఒక నోటుబుక్కు తీశాడు. “మా గురువుగారిది. మంచి జోడీలు రాసున్నాయి, పనికిరానివి కొట్టేసున్నాయి. ఇందులో లేని జోడీ వస్తే బల్ల మీద పెట్టి, చిన్నదాని పంటికి సుద్ద రాసి, చేత్తో తిప్పుతాం. పెద్దదాని పళ్ళన్నీ తెల్లబడితే మంచిది. ఒక్కటి నల్లగా మిగిలినా కొట్టేస్తాం. ఒక్కోసారి అరగంట పడుతుంది.”

“ఎందుకలా అని ఆయన్ని అడగలేదా?”

“ఒకసారి అడిగాను. ‘చక్రం తిప్పరా, ప్రశ్నలు తిప్పకు’ అన్నాడు.”

ఎక్కాలమ్మ నోటుబుక్కు మొదటి పేజీ చూసింది. పద్దెనిమిది–యాభై ఐదు, ఉంది. ఇరవై ఒకటి–యాభై ఏడు, కొట్టేశారు. ఇరవై నాలుగు–అరవై మూడు, కొట్టేశారు. నాలుగో వరస చూడకుండానే ఆమె పుస్తకం మూసేసింది. దాన్ని మామయ్య చేతిలో పెట్టింది.

“మామయ్యా, నువ్వు చదువు. కొట్టేశారో లేదో చూడకుండా చెప్తా.”

మామయ్య స్టూలు మీద అటు తిరిగి కూర్చుని, పరీక్ష పెట్టే పంతులులా గొంతు సవరించుకున్నాడు. “ఇరవై రెండు, యాభై ఒకటి.”

“మంచిది.”

“ఇరవై ఆరు, అరవై ఐదు.”

“కొట్టేశారు. రెండూ పదమూడో ఎక్కంలోవే.”

“ముప్ఫై నాలుగు, యాభై ఒకటి. ఇది చెప్పు చూద్దాం.”

“కొట్టేశారు. పదిహేడు!”

“బావా, ఈ పిల్లకు వీపు వెనక కళ్ళున్నాయి! సరే, ముప్ఫై తొమ్మిది, తొంభై ఒకటి.”

“మళ్ళీ పదమూడే. కొట్టేశారు.”

అలా రెండు పేజీలు. తండ్రి అన్నీ వదిలేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చూస్తున్నది ఆటా, కనికట్టా ఆయనకు తేలడం లేదు. సంగతి చాలా చిన్నది, బళ్ళో చెప్పిన గసాభానే. రెండు అంకెల్లోనూ ఒకటి కంటే పెద్దది ఏదైనా ఉమ్మడిగా ఉందా లేదా, అంతే. ఆ గసాభాను ఆమె పరీక్షల్లో వందసార్లు కట్టింది గాని, దానికి పళ్ళున్నాయని ఇప్పుడే తెలిసింది.

“ఇరవై ఎనిమిది, అరవై మూడు,” అన్నాడు మామయ్య.

“కొట్టేశారు.”

“దొరికావ్! కొట్టెయ్యలేదు.” ఆయన స్టూలు మీదనుంచి దిగి పుస్తకం చూపించాడు. నిజమే, గీత లేదు.

“ఏడుంది మామయ్యా, రెండింట్లోనూ. కొట్టెయ్యాలి.”

“గురువుగారు తప్పు రాయరమ్మా,” అన్నాడు తండ్రి మెల్లిగా.

ఇరవై ఎనిమిది పళ్ళదీ, అరవై మూడు పళ్ళదీ పాత చక్రాలు గోడకే వేలాడుతున్నాయి. మామయ్య దించి తెచ్చాడు. తండ్రి తన చేత్తోనే సుద్ద రాశాడు, తన చేత్తోనే తిప్పాడు. ముగ్గురూ బల్ల మీదకు వంగారు. సుద్ద రాసిన పన్ను పెద్దదాని మీద ఒక్కో మచ్చా పెడుతూ పోయింది. ఒకటి, రెండు, మూడు. పెద్ద చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి తొమ్మిది పళ్ళు తెల్లగా ఉన్నాయి. ఐదో చుట్టులో సుద్ద మళ్ళీ ఆ తొమ్మిదింటి మీదే పడింది. ఆయన ఆపలేదు. పది చుట్లు తిప్పాడు, ఇరవై తిప్పాడు. తొమ్మిదే. మిగతా యాభై నాలుగూ నల్లగా నిక్షేపంలా ఉన్నాయి.

“ఐస్ ఫ్యాక్టరీ,” అన్నాడు మామయ్య నెత్తి మీద చెయ్యి పెట్టుకుని. “బావా, ఐస్ ఫ్యాక్టరీ ఆయనకు ఇదే జోడీ వేశాం. రెండుసార్లు తిరిగొచ్చాడు. మనం ఇనుము మంచిది కాదని ఇనుమును తిట్టాం.”

“ఆ రోజు గురువుగారికి ఒంట్లో బాగుండలేదేమో,” అన్నాడు తండ్రి. చెవి మీది పెన్సిలు తీసి, పుస్తకంలో ఆ వరస మీద సన్నగా గీత గీశాడు. కూతురి వైపు తిరిగాడు. “ఎందుకు?”

అదే ప్రశ్న. ఎక్కాలమ్మ సుద్ద అందుకుంది. ఇంకో నాలుగు జోడీలు చెబుదామని నోరు తెరిచి, ఎందుకో ఆగింది. తెల్లబడ్డ పళ్ళకేసి చూసింది.

“చిన్నది ఒక చుట్టు తిరిగిందంటే సుద్ద పన్ను పెద్దదాని మీద ఇరవై ఎనిమిది పళ్ళు దాటి పడుతుంది. ఇరవై ఎనిమిది ఏడో ఎక్కంలోది. పెద్దదాని చుట్టుకొలతంతా అరవై మూడు, అదీ ఏడో ఎక్కంలోదే. అంటే ఎన్ని చుట్లు తిరిగినా, ఎన్నిసార్లు దాటినా, ఏడేసి పళ్ళకొకటే తగులుతుంది. మధ్యలో ఆరింటికీ దారే లేదు నాన్నా. ఏడనే కాదు. ఏ అంకె ఉమ్మడిగా ఉన్నా ఇంతే, ఎంత పెద్ద చక్రాలైనా ఇంతే.”

చెప్పేసి తనే ఉలిక్కిపడింది. ఇప్పుడు తను ఒక్క గుణకారమూ చెయ్యలేదు. ఇంకో ఉదాహరణా ఇవ్వలేదు. అయినా లోకంలో ఉన్న చక్రాలన్నీ ఆ మాటలో ఇమిడిపోయాయి. వెనక బెంచీ అమ్మాయి చేసిన పని ఇదే. ఆమెకు కేక పెట్టాలనిపించింది, పెట్టింది కూడా. మామయ్య ఎందుకో తెలియకుండానే తనూ ఒక కేక పెట్టాడు.

తండ్రి మాత్రం ఇంకా చక్రం వంకే చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళ పనివాడు, తొందరగా వదలడు.

“సరే. ఉమ్మడిది ఉంటే కొన్ని మిగిలిపోతాయి, ఒప్పుకున్నాను. లేకపోతే? అన్నీ తెల్లబడి తీరతాయని ఏంటి నమ్మకం? ఎక్కడో ఏ వెయ్యి పళ్ళ చక్రంలోనో ఒక పన్ను తప్పించుకుని కూర్చోదని ఎవరు చెప్పారు?”

ఆమె ఆలోచించింది. చదివిన రెండు పేజీల్లో మంచి జోడీలన్నిటికీ సరిపోయింది. అయితే పుస్తకం మొత్తంలో ఉన్నవే రెండొందలు. ఇంకా ఎన్ని మిగిలాయి? ఈ చివర్నుంచి లాగి చూసింది, ఆ చివర్నుంచి లాగి చూసింది. రాలేదు.

“తెలీదు నాన్నా,” అంది.

అంకెల విషయంలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. సిగ్గేస్తుందనుకుంది. వెయ్యలేదు. ఆకలేసింది. ఇంత మంచి ప్రశ్న ఒకటి బల్ల మీద ఉండగా, దాని జవాబు ఊళ్ళోనే ఎవరికో తెలిసి ఉండగా, ఇంకో రోజు తెలియకుండా ఉండటం ఎలా అనిపించింది.

“ఎవరికన్నా తెలుసా?” అన్నాడు తండ్రి.

“మా మేడంకి తెలిసే ఉంటుంది. ఆ పేపర్లో చెప్తారనుకుంటా.”

అప్పుడే క్లినిక్ నుంచి ఇంటికి పోతూ తల్లి షెడ్డులోకి తొంగిచూసింది. ముగ్గురి మొహాల మీదా సుద్ద. చివరి మాట చెవిన పడనే పడింది. “ఇంకా ఆ పేపరు గొడవేనా? చెప్పానుగా, ఎవరికి కావాలే అది?”

“నాకు కావాలి,” అన్నాడు తండ్రి.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయన తనకు ఫలానాది కావాలని అడగడం తల్లి ఎరగదు. కళ్ళజోడు కాడ విరిగితే దారం చుట్టుకున్న మనిషి.

“ముప్ఫై ఏళ్ళనుంచి తిప్పుతున్నాను,” అన్నాడు, ఏదో తప్పు చేసినవాడిలా సుద్దముక్క వేళ్ళ మధ్య నలుపుతూ. “ఎందుకో తెలీకుండానే పోతాననుకున్నాను. సగం ఇవాళ చెప్పింది. మిగతా సగం కూడా తెలుసుకుని చెబితే వింటాను. అంతే. తర్వాత నీ ఇష్టం తల్లీ.”

ఎక్కాలమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తండ్రి అంటే ఆమెకు ఎప్పుడూ ప్రేమే. ఆ క్షణంలో దానికి గర్వం కూడా తోడైంది.

తల్లి బల్ల దగ్గరకు వచ్చి, బేకరీ చిన్న చక్రాన్ని వెలుతురుకు తిప్పి, గాటున్న పంటిని డాక్టరు చూసినట్టు చూసింది. “ఇది మా దగ్గరికి రావలసిన కేసు,” అంది. తర్వాత సంచి భుజాన వేసుకుంటూ, “ఆ సాఫ్ట్‌వేర్ ఏదో నేనే నేర్చుకుంటాలే. మా క్లినిక్‌లో కొత్త కంప్యూటర్ పెట్టారు, దాన్ని చూసి డాక్టరూ నేనూ ఇద్దరం దణ్ణం పెట్టి ఊరుకుంటున్నాం,” అంది. ఆవిడ ఒప్పుకోవడం అలాగే ఉంటుంది.

మర్నాడు పొద్దున మామయ్య నలభై ఒక్క చిల్లుల బిళ్ళ బిగించాడు. ఎక్కాలమ్మ మొదటి క్లాసు ఎగ్గొట్టి పక్కన నిలబడి పళ్ళు పైకి లెక్కపెట్టింది. మధ్యాహ్నానికి చక్రం బేకరీకి చేరింది. టక్కు ఆగింది. పాట పోయిందని పనివాళ్ళు కాస్త చిన్నబుచ్చుకున్నారు గాని, బేకరీ ఆవిడ పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టెలు రెండు కాగితంలో చుట్టిచ్చింది.

శుక్రవారం మూడున్నరకు ఎక్కాలమ్మ కాలేజీ ఆఫీసు ముందు గోడకు ఫారం ఆనించి, మొదటి గడిలో టిక్కు పెట్టింది. కింద ఇంకో గీత ఉంది: ‘ఈ పేపరు ఎందుకు ఎంచుకున్నారు?’ అందరూ ‘ఆసక్తి’ అని రాసేస్తారు. ఆమె కాసేపు పెన్ను కొరికి, ‘ఇంట్లో కావాలన్నారు’ అని రాసింది.

సంఖ్యా సిద్ధాంతం ఫారాలు మేడమే స్వయంగా తీసుకుంటున్నారు. ఆమెను చూసి గుర్తుపట్టారు. “ఆ రోజు మధ్యలో వెళ్ళిపోయావు కదూ?”

“నాకు ఎక్కాలు తప్ప ఏమీ రావేమోనని భయమేసింది మేడం.”

“నాకు పదమూడో ఎక్కం ఇప్పటికీ సరిగ్గా రాదు. నువ్వు పక్కనుంటే ధైర్యం,” అంటూ ఆవిడ ఫారం చివరిదాకా చదివి కళ్ళజోడు పైకి తోసుకున్నారు. “ఇంట్లో కావాలన్నారా? ఇన్నేళ్ళలో ఇంట్లో వద్దన్నారని వచ్చి ఏడ్చినవాళ్ళనే చూశాను. ఎవరికమ్మా?”

“మా నాన్నకి మేడం. గేరు చక్రాలు కోస్తారు.” ఆమె చక్రాలూ, సుద్దా, పుస్తకమూ అన్నీ చెప్పింది. తను చెప్పగలిగిన సగమూ చెప్పింది. తండ్రి అడిగిన రెండో సగం, తప్పించుకునే పన్ను సంగతి, ఆయన మాటల్లోనే చెప్పింది.

మేడం మొదట నవ్వుతూ విన్నారు. తర్వాత నవ్వు ఆపి విన్నారు. వెనక వరసలో ఉన్నవాళ్ళను కాస్త ఆగమని చెయ్యి చూపించారు.

“ఆ రెండో ప్రశ్న ఆయనంతట ఆయనే అడిగారా?”

“అవును మేడం.”

“ఎప్పటికల్లా కావాలన్నారు?”

“తొందరేం లేదు మేడం. ముప్ఫై ఏళ్ళు ఆగారు.”

“మూడో వారంలో వస్తుంది అది. సోమవారం, పదకొండు గంటల క్లాసు.” ఆవిడ ఫారం మీద సంతకం చేసి, ఒక కాగితం ముక్క మీద గది నంబరు రాసి ఇచ్చారు. “ఇది నీకు కాదు, ఆయనకి. ఆ రోజు పని కాస్త ఆపుకుని రమ్మను. నువ్వు చెబితే వినడం వేరు, తను కూర్చుని వినడం వేరు.”

ఎక్కాలమ్మ షెడ్డు దాకా పరిగెత్తుకుంటూనే వచ్చింది. తండ్రి కాగితం అందుకుని, గది నంబరు రెండుసార్లు చదివాడు. కాలేజీ గేటు లోపలికి ఆయన ఎప్పుడూ వెళ్ళలేదు, ఆమెను చేర్చిన రోజు కూడా బయటే నిలబడ్డాడు. చేతులు గుడ్డకు తుడుచుకుని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు.

“నోటుబుక్కు మనమే పట్టుకెళ్ళాలా, వాళ్ళే ఇస్తారా?” అని అడిగాడు.